నిన్నటి మీటింగుకు సంతకం

డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పే నాకు ఇంటర్నల్ పేపర్లు దిద్దడమంటే ఒళ్ళుమంట. 'గ్రామసభ పనితీరు వివరించండి' అన్న ప్రశ్నకు, దుమ్ముగూడెం అవతలి అడవిపల్లె నుంచి వచ్చే అమ్మాయి ఇంతే రాసింది: పంచాయతీ సెక్రటరీ బండి మీద వస్తాడు. ఇంటింటికీ తిరిగి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకుంటాడు. వెళ్ళిపోతాడు.

నాతో వేళాకోళమా అని మండిపోయి ఆ జవాబుకు సున్నా వేశాను. పేపర్లు తిరిగిచ్చాక ఆ అమ్మాయి తన పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకే వచ్చేసింది.

"దీంట్ల తప్పేంది సార్? మా ఊర్ల గ్రామసభ గట్లనే అయితది."

"మీ ఊరి సంగతి ఎవడడిగాడు? పుస్తకంలో ఉన్నది రాయి!" అని అరిచాను. కదలదే!

అంతలో అటెండర్ స్టాఫ్ మీటింగు రిజిస్టర్ తెచ్చి నా ముందు తెరిచాడు.

"నిన్న నాలుగింటి మీటింగుది సార్. ప్రిన్సిపాల్ సార్ జల్దీ సంతకం పెట్టమన్నరు."

అసలు మీటింగే జరగలేదు. నిన్న నాలుగింటికి నేను ఈ అమ్మాయి క్లాసులోనే పాఠం చెబుతున్నాను. ప్రిన్సిపాల్‌ను లోలోపల తిట్టుకుంటూ, ఒక్క ముక్క చదవకుండా సంతకం గీకేశాను.

తలెత్తితే, ఆ అమ్మాయి రిజిస్టర్ వంకే చూస్తోంది.

"అవ్ సార్, గిట్లనే," అంది.