పప్పు పలచబడనివ్వని పెద్దమ్మ

మంగళవారం పొద్దున కార్ఖానాలో ఉండగా ఫోన్ మోగింది. మగ్గాల చప్పుడులో ఏమీ వినపడక బయటికొచ్చాను. పెద్దమ్మ కోడలు. "బావా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల లేపితే లేవలే" అంది. కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు చీదుకుని, "ఎల్లుండి పప్పు టెంపో ఒస్తది. ఏం జెయ్యాలె?" అని అడిగింది.

ఆ రెండో మాట కొత్తవాళ్లకు కటువుగా తోచవచ్చు. మా గల్లీలో ఎవరికీ తోచదు. పెద్దమ్మ పోయిన కబురూ కందిపప్పు కబురూ ఒకే ఫోన్‌లో రావడం సబబే.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా అమ్మా ఆమే ఒకే ఏడాది, ఒకే రైల్లో, మగ్గాల పనికి వచ్చిన మొగుళ్ల వెంట సూరత్‌లో దిగారు. ఆ లెక్కన పెద్దమ్మ. మా అమ్మ పోయాక నా మీద గట్టిగా అరిచే హక్కు ఆమె ఒక్కదానికే మిగిలింది. దాన్ని ఆమె ఏనాడూ వృథా చేయలేదు.

దహనం దగ్గర సలాబత్‌పురా నుంచి వచ్చిన ఒక బట్టల ఏజెంటు నా భుజం మీద చెయ్యేసి, "చాలా పొదుపైన మనిషండీ, ఉన్నదాంట్లో సర్దుకుని బతికింది" అన్నాడు. చావు దగ్గర గొడవెందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. అయ్యా, ఆమె సర్దుకోలేదు. ఒక్కరోజు కూడా సర్దుకోలేదు. మమ్మల్ని సర్దుకోనివ్వలేదు.

మీరూ చదివే ఉంటారు, కిరాణా ఖర్చు తగ్గించుకోండంటూ పత్రికల్లో వచ్చే సలహాలు. జీడిపప్పు బదులు పల్లీలు వాడండి, బయటి తిండి మానండి, పప్పులో సొరకాయ ఎక్కువ వేయండి. ఈ రాసేవాళ్లను ఒక్కమాట అడుగుతాను. నెల మొత్తం కందిపప్పు పావుకిలో పావుకిలోగా కొనేవాళ్ల ఇంటికి ఎప్పుడైనా వెళ్లారా? పావుకిలోగా కొనేవాడికి ఏ సరుకైనా బస్తాగా కొనేవాడికన్నా పిరమే. డబ్బు తక్కువున్నవాడి దగ్గరే ఎక్కువ గుంజే ఏర్పాటు ఇది. దీన్ని వదిలేసి ఆడవాళ్లకు పొదుపు పాఠాలు చెబుతారా? ఆ పాఠం చివరికి ఎవరి పళ్లెంలో తేలుతుందో నాకు పెద్దమ్మే చూపించింది. నా ఇంట్లోనే చూపించింది.

పదేళ్ల పైమాట. ఆ ఏడాది మగ్గాలు సగం ఆగిపోయాయి. నడిచేవాటికి కూలి రేటు కోశారు. నేను మండిపోతూ కరపత్రాలు రాస్తున్నాను. ఓ ఆదివారం మధ్యాహ్నం నేను అన్నం తిని కరపత్రం దిద్దుకుంటుంటే పెద్దమ్మ వచ్చింది. ఆమెకో అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్లినా నేరుగా పొయ్యి దగ్గరికి పోయి గిన్నె మూత తీసి చూసేది. గంటె పెట్టి తిప్పేది. పప్పులో గంటె నిలబడాలి, అదీ ఆమె పరీక్ష. మా గిన్నెలో గంటె పక్కకు ఒరిగి, అంచుకు టంగుమని తగిలింది.

"ఇది పప్పా, పసుపు నీళ్లా?" అంది.

నా భార్య తలవంచుకుంది. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"ఏం రాస్తున్నవ్ కొడుకా?"

"కూలి రేటు గురించి."

"మంచిగ రాయి. నీ పెండ్లాం ఇయ్యాల ఏం తిన్నది?"

నాకు తెలియదు. పన్నెండేళ్ల సంసారం, ఒకే గది ఇల్లు, నాకు తెలియదు. నా భార్య రెండు నెలలుగా పప్పు నాకూ పిల్లలకూ వడ్డించి, తను కారం కలుపుకుని తింటోందని పెద్దమ్మకు మాత్రం తెలుసు. ఎందుకంటే ఆ ఆదివారం ఆమె మూత తీసిన ఏడో ఇల్లు మాది. ఏడిళ్లలోనూ అదే కథ. మగ్గం రేటు తగ్గింది మగవాడికి, పప్పు తగ్గింది ఆడమనిషికి.

ఆ సాయంత్రమే ఆమె ఆలోచన చెప్పింది. పన్నెండు ఇళ్లు కలిసి, చేతిలో ఉన్నంత ముందు కట్టి మిగతాది వారం వారం తీర్చే లెక్కన, కామ్‌రేజ్ దారిలో ఉన్న పప్పు మిల్లు నుంచి ఏడాదికి సరిపడా మంచి కందిపప్పు బస్తాలుగా తేవాలి. మిల్లు ధరకూ మా మూల దుకాణం సేటు ధరకూ మధ్య మిగిలేదాంతో గుడ్లూ, పల్లీనూనే తేవాలి. నేను ఒప్పుకోలేదు. నేను దేనికీ వెంటనే ఒప్పుకోను.

"మనం ఖర్చు తగ్గించుకుంటే మగ్గాల సేట్లు జీతం ఇంకా తగ్గిస్తరు పెద్దమ్మా. పోరాటం కూలి మీద చెయ్యాలె, పప్పు మీద గాదు" అన్నాను.

"చెయ్యి. ఎవ్వలొద్దన్నరు? నీ పోరాటం అయ్యేదాంక పోరగాండ్లు ఏం తినాలె? నీ కరపత్రమా?"

ఆడవాళ్లందరూ నవ్వారు. నా భార్య అందరికన్నా ఎక్కువ నవ్వింది.

వాళ్లనూ మాటలతో నమ్మించలేదు ఆమె. ఇంటి ముందు రెండు పొయ్యిలు పెట్టింది. ఒకదాని మీద దుకాణం పప్పు, ఇంకోదాని మీద మిల్లు నుంచి తెచ్చిన నమూనా పప్పు. రెండూ ఒకే కొలత, ఒకే నీళ్లు. దుకాణం పప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంది. మిల్లుది వెన్నలా మెదిగి గిన్నె నిండింది. పక్కింటి అత్త, "సగం ధరకు దొరికే ఎర్రపప్పు తెస్తే ఇంకా అగ్గువ గదనే" అంది. పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "అగ్గువని గడ్డి మేస్తమా వదినె? మంచిదే తినాలె. అగ్గువకు తినాలె. రెండూ గావాలె నాకు" అంది.

రెండూ కావాలె నాకు. ఇంతకన్నా గొప్ప డిమాండ్ నేను ఏ సభలోనూ వినలేదు.

ఇక అసలు చిక్కు. ఏడాది పప్పు పురుగు పట్టకుండా ఎలా ఉంచాలి? మేము వారం వారం కొనుక్కు బతికినవాళ్లం, ఏడాది సరుకు దాచిన అనుభవం ఎవరికుంది? గుజరాతీ ఇళ్లలో వేసవిలో ఏడాది గింజలు నింపుకుంటారు. వెనక గల్లీలో ఒక ముసలి గుజరాతీ అవ్వ ఉండేది, అందరూ బా అని పిలిచేవాళ్లు. కొడుకులు కతర్‌గామ్‌లో వజ్రాలు సాన పట్టేవాళ్లు. ఆమెకు గుజరాతీ తప్ప రాదు, పెద్దమ్మకు గుజరాతీ రాదు. "నీకొస్తది గద, అడిగి రా పో" అని నన్ను పంపింది.

వెళ్లాను. ఆ రోజు నాకు మీటింగు ఉంది. బా తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. పప్పు ఎండలో ఆరబెట్టాలి, అరచేతికి ఆముదం రాసుకుని గింజ గింజకూ పట్టించాలి, డబ్బాలో గట్టిగా మూత పెట్టాలి. అప్పటికే లేచి నిలబడ్డాను. "భాయ్, బేసోనే" అంటోంది ఆమె, కూర్చోమని. అర్థమైందమ్మా అని చెప్పి వచ్చేశాను. పెద్దమ్మకు చెప్పాను, ఆముదం రాస్తే చాలని. ఎంత రాయాలో నేను అడగలేదు. తర్వాత ఏం చేయాలో వినలేదు.

మా ఆడవాళ్లకు ఆముదం అంటే పసిపిల్లల తలకు పెట్టేదే తెలుసు. అదే చేత్తో, అదే ప్రేమతో, డాబా మీద పరిచిన బస్తాల పప్పుకు దోసిళ్ల కొద్దీ పట్టించారు. పప్పు బంగారంలా మెరిసింది. ఆ ఆదివారం పన్నెండిళ్లలోనూ కొత్త పప్పు వండారు. గంటెలు నిలబడ్డాయి. వాసన కొంచెం తేడాగా ఉన్నా, కొత్త పప్పు వాసనేమో అనుకుని గల్లీ మొత్తం రెండోసారి వడ్డించుకుని తిన్నాం.

సోమవారం కార్ఖానాలో మగ్గాల దగ్గర నిలబడ్డవాళ్లకన్నా పాయిఖానా ముందు లైన్లో నిలబడ్డవాళ్లు ఎక్కువ. నేనూ ఆ లైన్లోనే ఉన్నాను. చచ్చేంత నవ్వులాట. "పెద్దమ్మ పప్పు తిన్నవా, జులాబు తిన్నవా?" అని ఒకటే ఎగతాళి. సాయంత్రానికి నవ్వు పోయి కోపం మిగిలింది. మూల దుకాణం సేటు మెట్టు మీద నిలబడి, "ఇప్పుడైనా తీసుకెళ్లండి, పావుకిలోనే ఇస్తాను" అని హిందీలో అరిచాడు. మగవాళ్లు పెద్దమ్మ ఇంటి ముందు చేరారు. బస్తాలు ఎంతకొస్తే అంతకు అమ్మేయాలన్నారు. ఇంకోసారి ఆడవాళ్ల చేతికి పైసలిచ్చేది లేదన్నారు. ఆడవాళ్లు తలుపుల వెనక నిలబడ్డారు. ఆ పప్పు పోతే పప్పొక్కటే పోదని, మళ్లీ కారం మెతుకుల్లోకే పోతామని వాళ్లకు తెలుసు.

"ఎవ్వలు జెప్పిన్రు నీకు ఆముదం రాయమని?" అని ఒకడు గదిమాడు.

నేను గుంపులోనే ఉన్నాను. నోరు తెరవలేదు. అన్యాయం ఎక్కడున్నా నిలదీస్తానని చెప్పుకునేవాణ్ణి, నోరు తెరవలేదు.

పెద్దమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే సగం ఇని ఒచ్చిన. నాదే తప్పు. రేపటి పొద్దుగాలదాంక ఒక్క గింజ అమ్మేది లేదు" అంది.

తెల్లారి నా చెవి పట్టుకున్నంత పని చేసి బా దగ్గరికి తీసుకుపోయింది. విషయం చెప్పగానే బా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ధోయా వగర్?" అంది. కడక్కుండానా? నవ్వీ నవ్వీ ఆమె కళ్లలో నీళ్లొచ్చాయి. తర్వాత లేచి, తన కట్టెపుల్లల్లాంటి కాళ్లతో మా గల్లీకి వచ్చింది. అందరి ముందూ దోసెడు పప్పు తీసి, కాగే నీళ్లు పోసి, మూడుసార్లు రుద్ది కడిగింది. నీళ్ల మీద ఆముదం తేలి పోయింది. ఎక్కువైన నూనెను పాత గుడ్డతో తుడిచి మళ్లీ ఎండబెట్టమంది. కిలోకు చిన్న చెంచా చాలని వేలు చూపించి చెప్పింది. ఆ పప్పు వండి పెడితే ముందు తినడానికి ఎవరూ రాలేదు. పెద్దమ్మ తిన్నది. తర్వాత బా తిన్నది. తర్వాత నా భార్య ముద్ద కలిపి, నన్ను చూస్తూ తిన్నది.

ఇంటికి వస్తుంటే పెద్దమ్మ మెల్లగా అంది. "నీకు మాట్లాడుడు మంచిగొస్తది కొడుకా. ఇనుడు గూడ జర నేర్చుకో." అంతే. మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లకు నేనే చెబుతున్నాను. ఆ తప్పు నాది.

వానాకాలం వచ్చింది. దుకాణం పప్పులో పురుగులు పాకాయి. మా డబ్బాల్లో ఒక్కటీ లేదు. ఒకరోజు సేటు భార్యే గిన్నె పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వచ్చింది, కొంచెం పప్పు ఇస్తారా, వచ్చే ఏడాది మా పేరూ కలుపుకుంటారా అని. పెద్దమ్మ గిన్నె నిండా పోసింది. "వేడి నీళ్లతో కడుగు బిడ్డా, మరువకు" అని రెండుసార్లు చెప్పింది.

ఆ దీపావళి ముందు మేము పని ఆపాం, పాత కూలి రేటు కావాలని. మూడో రోజుకు ఆకలికి దిగొస్తారని యజమానులు లెక్కేశారు. పదకొండో రోజున వాళ్లే దిగొచ్చారు. రేటు గెలిచాం! నేను రాసిన కరపత్రాలు గెలిపించాయని చాన్నాళ్లు చెప్పుకున్నాను. కరపత్రాలు పనికొచ్చాయి, కాదనను. కానీ ఆ పదకొండు రోజులూ మా పొయ్యిల మీద గంటెలు నిలబడే ఉన్నాయి. ప్రతి మధ్యాహ్నం ఆమె మూతలు తీసి చూసింది. కోడళ్లను మగవాళ్లతో పాటే కూర్చోబెట్టి తినిపించింది. ఆకలితో ఉన్న గల్లీని బెదిరించవచ్చు. తిన్న గల్లీని ఏం చేస్తారు?

పన్నెండు ఇళ్లు నలభై దాటాయి. పప్పుకు జొన్నలూ మిరపకాయలూ పల్లీనూనే తోడయ్యాయి. ప్రతి వేసవీ అదే డాబా. పెద్దమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. ఆముదం చేత్తోనే పిట్టగోడ ఆనుకుని లేచేది. ఏటేటా అదే చోట. అక్కడ అరచెయ్యి ఆకారంలో నల్లని మరక పడిపోయింది. ఇంటి ఓనరు రెండుసార్లు సున్నం కొట్టించాడు. రెండుసార్లూ సున్నం రాలింది, చెయ్యి ఉండిపోయింది.

గురువారం టెంపో వచ్చింది. పెద్దమ్మ పోయి మూడో రోజు. పిట్టకు పెట్టే మెతుకుల్లో కోడలు గంటె నిలబడేంత చిక్కటి పప్పు పెట్టింది. కులపెద్ద మామ బస్తాలు చూసి, దినాలు అయ్యేదాకా పప్పు ముట్టొద్దన్నాడు. మైల అన్నాడు. అవతల మబ్బులు తిరుగుతున్నాయి, వాన పడితే పప్పు ఎండదు. నాకు ఒళ్లు మండింది. ఉపన్యాసానికి నోరు తెరిచాను.

"బావా, జరాగు. నేను చెప్త" అంది కోడలు.

ఆగాను. ఈసారి చివరిదాకా విన్నాను.

"మామా, మైల మా ఇంటోళ్లకు. పప్పు గల్లీది. నేను ముట్ట. దూరం గూసొని చెప్త. మీ కోడండ్లు రాస్తరు. ఒద్దంటే చెప్పున్రి, ఆషాడంల పురుగులు ఏరనీకి మిమ్ములనే పిలుస్త."

మామ నవ్వాపుకోలేక మీసం దువ్వుకున్నాడు. బస్తాలు డాబా ఎక్కాయి.

డాబా అంతా పసుపు పచ్చగా పరుచుకుంది. కోడలు నీడలో కూర్చుని, "కిలోకు చిన్న చెంచా, ఎక్కువొద్దు" అని ప్రతి వరసకూ చెబుతోంది. సేటు భార్య ఓ మూల, నా భార్య ఓ మూల. మామ చిన్నకోడలు ఈ ఏడే కొత్తగా వచ్చింది. నాలుగు గంటలు వంగి రాసీ రాసీ, నడుం పట్టేసి, లేవడానికి, ఎక్కడని చూడకుండానే, పిట్టగోడ మీద చెయ్యి ఆనించింది. లేచి వెళ్లిపోయింది. ఎండలో ఆ పాత నల్లని చెయ్యి మీద ఇంకో చెయ్యి, చిన్నది, తడిగా, మెరుస్తూ ఉంది.