స్కేలుతో కాదు, స్కేలుకి

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మా బావ కారుకి కుడివైపు తలుపు అతికించాడు. పొద్దున్న షిఫ్టు దిగి వచ్చి, అన్నం తినకుండా, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని ఆ పనికి కూర్చున్నాడు. తలుపు నా బొటనవేలి కంటే కాస్త పొడుగు. జిగురు పట్టేదాకా దాన్ని వేలితో నొక్కిపెట్టి, నన్ను మాట్లాడొద్దని కళ్లతోనే చెప్పాడు. తర్వాత కారుని కిటికీ గట్టు మీద పెట్టాడు.

"బావా, ఇప్పుడు లోపలికి సూడు," అన్నాడు నాతో.

చూశాను. ఎర్రగా బాగుంది అన్నాను. ఎరుపు బయటి రంగు. ఆయన అడిగింది లోపల సంగతి.

ఇది తొంభైల మధ్య మాట. ఆయన మా అక్క భర్త. గాజువాక అవతల ఒక ప్రైవేటు రోలింగు మిల్లులో క్రేను నడిపేవాడు. నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లిషు వ్యాకరణం చెప్పేవాణ్ణి. నేను బావా అంటే ఆయనా బావా అనేవాడు. మా వైపు ఆ మాటకి చుట్టరికం సరిచూసే అలవాటు లేదు.

మొదటి కారు ఆయనకి విశాఖ రేవు పక్క పాతపట్నంలో ఒక సాయిబుగారి ఫారిన్ సరుకుల కొట్లో దొరికింది. ఓడల వాళ్లు దిగి అమ్ముకుపోయిన సెంట్లు, టార్చిలైట్లు, చాక్లెట్ల మధ్య, పైన కారు బొమ్మ అచ్చేసిన అట్టపెట్టె ఒకటి చాలాకాలంగా పడి ఉంది. ఎవరు కొన్నా మర్నాడే తిరిగి తెచ్చేవారట. పెట్టెలో కారు లేదు, ప్లాస్టిక్ ముక్కలున్నాయి. ఓడలో ఎక్కడో దెబ్బ తగిలిందనుకుని సాయిబుగారు దాని మీద 'విరిగినది' అని చీటీ అంటించారు. బావ కొట్లోనే నేల మీద కూర్చుని, పెట్టెలో ఉన్న కాగితం చూసుకుంటూ ముక్కలన్నీ లెక్క సరిచూసుకున్నాడు.

"ఇరగనేదు భాయ్, ఇంకా పుట్టనేదు," అన్నాడు.

సాయిబుగారు నమ్మలేదు. అయినా విరిగిన సరుకు ధరకే ఇచ్చారు. అప్పటినుంచి అలాంటి 'విరిగిన' పెట్టె ఏది వచ్చినా బావ కోసం పక్కన పెట్టేవారు.

అన్నీ రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లే. అలాంటివి మా రోడ్ల మీద ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన మిల్లుకి వెళ్లేది సైకిలు మీద. అసలు కారుని ఇరవై నాలుగో వంతుకి తగ్గిస్తే ఎంత ఉంటుందో అంతే ఉండాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. ముక్కల అంచులు గీకి, అతుకులు పూడ్చి, నీళ్లలో ముంచిన ఎమ్రీ కాగితంతో రుద్ది, కార్ల షెడ్డులో అడిగి తెచ్చుకున్న రంగు పల్చగా కలిపి, పూత మీద పూత వేసేవాడు.

విశాఖ గాలిలో తడి ఉంటుంది, దుమ్ము ఉంటుంది. తడికి రంగు ఆరుతూ ఆరుతూ పాలపొర కట్టినట్టు తెల్లబడుతుంది. దుమ్ము రంగులో కూరుకుపోతుంది. మిల్లు క్వార్టర్సులో దుమ్ము రాని చోటు ఒక్కటే, స్నానాలగది. అందుకని చలికాలంలో మూడు వారాలు ఆ గదిని ఆరబెట్టి రంగులకి కేటాయించేవాడు. ఇంటిల్లిపాదీ పెరట్లో కుళాయి దగ్గర, చీర అడ్డం కట్టుకుని స్నానాలు చేసేవారు. స్నానాలగదిలో నీళ్లు పడకుండా కాపలా కాసిన ఇల్లు ఊరు మొత్తంలో అదొక్కటే అయ్యుంటుంది. అక్క ఏమీ అనేది కాదు. అనదల్చుకున్నది గిన్నెలు తోమే చప్పుడులో అనేది.

బయట రంగు ఎవరైనా వేస్తారని బావ అభిప్రాయం. ఆయన ప్రాణం లోపల ఉండేది. సీట్లకి తోలు ముడతలు, ఆ తోలు మీద కుట్లు, ఆవగింజంత మీటర్లు, మీటర్లో ముల్లు. సున్నా నంబరు బ్రష్షు కుచ్చు మరీ లావుందని, నాలుగు వెంట్రుకలు మిగిల్చి మిగతావి కోసేశాడు. ఇంత చేశాక పైకప్పు అతికిస్తే ఏమీ కనిపించదు. వంగి, కన్ను అద్దానికి ఆనించి, వెలుతురు వచ్చే వైపు తిప్పుకుంటే కొంచెం కనిపిస్తుంది. ఎవరో ఒక్కరు అలా వంగి చూడాలని ఆయన కోరిక. ఆ మాట పైకి ఎప్పుడూ అనలేదు. చూడమని మాత్రం అందరికీ చెప్పేవాడు.

అందరూ అడిగింది ఒకటే: నడుస్తుందా? నడవదంటే, బ్యాటరీ వేస్తే? పక్క క్వార్టరాయన మైలేజి అడిగాడు. సీతమ్మధార నుంచి వచ్చిన మా పెదనాన్న మనిషి ఎదిగాక బొమ్మలతో ఆడకూడదని చెప్పి, వెళ్తూ వెళ్తూ మనవడికి ఒకటి అడిగాడు. నేను ఏమీ అడగలేదు. చదువుకున్నవాణ్ణి కాబట్టి, అభిరుచి మనిషికి అవసరమని చెప్పి నా పుస్తకంలోకి వెళ్లిపోయేవాణ్ణి.

ఒక ఏడాది మిల్లు వార్షికోత్సవానికి కార్మికుల హాబీల ప్రదర్శన పెట్టారు. బావ ఎర్రకారు పెడతానన్నాడు. దరఖాస్తు నన్ను నింపమన్నాడు. 'వస్తువు పేరు' అన్నచోట 'ప్లాస్టిక్ కారు' అని రాయమన్నాడు. అది బజారు మాటలా ఉందని, అసలు కొలతని ఇన్నో వంతుకి తగ్గించి చేసినదానికి ఇంగ్లిషులో సరైన మాట వేరే ఉందని చెప్పి, 'స్కేలు మోడలు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నా చదువు వల్ల ఆ ఇంటికి జరిగిన ఒకే ఒక ఉపకారం అది.

మిల్లులో స్కేలంటే వేరు. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్య నలుగుతున్నప్పుడు పైనుంచి చేప పొలుసులా నల్లగా రాలేదాన్ని స్కేలంటారు. అది మిల్లు వెనక గుట్టలు పడి ఉండేది. దాన్ని ఏం చెయ్యాలో యాజమాన్యానికి తెలియలేదు. అలాంటి సమయంలో ఒక క్రేను ఆపరేటరు స్కేలుతో కారు చేశాడని దరఖాస్తు వచ్చింది. వెల్ఫేర్ ఆఫీసరుగారు దాన్ని పట్టుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లారట.

ప్రదర్శన రోజు కారుని మధ్య బల్ల మీద, ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద పెట్టారు. ఎర్రకారు ఎర్రగుడ్డలో కలిసిపోయింది. పక్కన పిడికెడంత స్కేలు ఒక పళ్లెంలో, దాని ముందు 'వ్యర్థం నుంచి విలువ' అని అట్ట. బావ అట్ట చదివి, పళ్లెం చూసి, నా వైపు చూశాడు. తర్వాత ఆఫీసరుగారి దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఇది స్కేలుతో సేసింది కాదండి. స్కేలుకి సేసింది."

"అదేనయ్యా, స్కేలే కదా."

"కాదండి. ప్లాస్టిక్."

ఆఫీసరుగారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "చూడు, ముఖ్య అతిథి ఉపన్యాసం అచ్చయిపోయింది. ఇప్పుడు నువ్వు ప్లాస్టిక్ అంటే ఎలా?"

ముఖ్య అతిథి కారుని పైకప్పు దగ్గర పట్టుకుని ఎత్తారు. మన స్కేలు ఇంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అది చేతులు మారి చివరి వరస దాకా వెళ్లి వచ్చింది. ఒక్కరూ వంగలేదు. బావకి మొదటి బహుమతిగా స్టీలు టిఫిన్ క్యారియరు ఇచ్చారు. ఢిల్లీ నుంచి వచ్చే అధికారులకి ఇవ్వడానికి ఇలాంటివే ఇంకో డజను చెయ్యగలవా అని అడిగారు. చెయ్యలేనన్నాడు. వినయం అనుకున్నారు.

ఇంటికి వస్తూ దారిలో నేను క్షమాపణలాంటిది మొదలుపెట్టాను.

"ఊరుకో బావా," అన్నాడు. "నువ్వు రాసింది తప్పు కాదు. ఆళ్లు సదివింది తప్పు."

మరుసటి ఏడాదికి ప్రదర్శనలో 'స్కేలు మోడళ్లు' అని విడిగా ఒక విభాగమే వచ్చింది. జనం అట్టపెట్టెలకి, కుండలకి, పాత బొమ్మలకి జిగురు పూసి స్కేలు అద్ది తెచ్చారు. గోపురం వచ్చింది. ఏనుగు వచ్చింది. దీపస్తంభం అని పేరు రాసిన ఒక పైపు వచ్చింది. గతేడాది విజేత కాబట్టి బావని న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. ఆయన కుర్చీలో కూర్చోలేదు. ఒక్కో బల్ల దగ్గర మోకాళ్ల మీద వంగి, ప్రతిదాని లోపలికి టార్చి వేసి చూశాడు. ఏనుగు లోపల పాత పేపరుంది. గోపురంలో ఏమీ లేదు. అరచేతిలో నిలబడేటంత చిన్న అట్ట ఇల్లు ఒకటుంది, వంకరగా, అన్నిటికంటే అధ్వానంగా. దాని కిటికీలోంచి చూస్తే లోపల అగ్గిపుల్లలతో చేసిన మంచం, మంచం మీద మడత పెట్టిన దుప్పటి. మొదటి బహుమతి దానికిచ్చాడు. కమిటీ అభ్యంతరం చెప్పింది. ఆయన వినలేదు. తర్వాతి ఏడాది న్యాయనిర్ణేతని మార్చారు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి, మిల్లు ఇంకా నడుస్తుండగానే, ఆయన పోయాడు. సంతాపసభలో స్కేలుతో కార్లు చేసిన కళాకారుడని చెప్పారు. నేను లేచి సరిదిద్దాలనుకున్నాను. ఆ మాట మొదట రాసింది నేనే కాబట్టి కూర్చుండిపోయాను.

పదకొండో రోజు దాటాక ఎర్రకారుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వంగి, కన్ను అద్దానికి ఆనించాను. మీటరులో ముల్లు ఉంది. సున్నా దగ్గర ఉంది. సీటు మీద కుట్లు సన్నగా, వంపు తిరిగి ఉన్నాయి. ఇన్నేళ్లలో దీన్ని చూసిన మొదటివాణ్ణి నేనే అనుకున్నాను. ఆ మాటే అక్కతో అన్నాను. ఒక్కరైనా చూడలేదని, పాపం ఆ కోరిక తీరకుండానే పోయాడని కూడా అన్నాను.

అక్క బియ్యం ఏరుతోంది. చేట దించలేదు.

"ఆ కుట్లు నా జాకెట్టు మీదివే," అంది. "ఇప్పమని ఎలుగులో పెట్టుకుని సూసి ఏసాడు. ప్రతి కారుకీ పైకప్పు అతికించేముందు నన్నే పిలిసేవోడు. నాను సూసి బాగుందంటేనే మూసేవోడు."

"మరి మా అందరికీ ఎందుకు చూపించాడు?"

"మీరు మొగోళ్లు కదా. మీరు సూత్తే లెక్క అనుకున్నాడు."

కారుని దాని చోట పెట్టి, అక్క పక్కన కూర్చుని బియ్యం ఏరాను.

మిల్లు తర్వాత మూతపడింది. క్వార్టర్లు ఖాళీ చేయించారు. అక్క ఇప్పుడు మా ఇంట్లో ఉంటోంది. కార్లన్నీ ఆమె గదిలో అద్దాల బీరువాలో ఉన్నాయి. మా కుటుంబంలో ఇప్పుడు ఎవరూ కార్లు చెయ్యడం లేదు.