తలుపుల్లేని నలభై ఒక్క ఇళ్లు

పులికాట్ ఒడ్డున ఉన్న ఆ గిరిజన కాలనీలో పదో తరగతి పాసైన మొదటి మనిషి తుపాకుల చెంగమ్మ. ముప్ఫయ్యో ఏట పొదుపు సంఘం వాళ్లు ఆమె చేతికి ఒక ట్యాబు ఇచ్చారు. ఇంటి వివరాలు అందులో నింపితే ఆ కుటుంబానికి ఏయే పథకాలు రావాలో అదే చూపించి, దరఖాస్తు కూడా పంపుతుంది. కాలనీలో అప్పటిదాకా ఒక్కరికీ రేషను కార్డు లేదు.

ముందుగా పీతల వల బాగుచేసుకుంటున్న ఈగ నాగయ్య దగ్గర కూర్చుంది.

"మామా, నీ పేరు చెప్పు."

"నా పేరు తెలీకనే ఇన్నేళ్లు మామా అంటుండావా?"

"నాకు తెలుసు. దీనికి తెలియద్దా?"

"నువ్వు గూడా సర్కారోళ్లలో కలిసిపోయినావు పో!"

పేరు, వయసు అయ్యాయి. తర్వాత ట్యాబు డోర్ నంబరు అడిగింది. అది వేయకపోతే ముందుకు కదలదు. అక్కడి గుడిసెల గుమ్మాలకు గోనెపట్టాలే తప్ప నంబర్లెక్కడివి?

సంఘం లీడరు రమణమ్మ తేలిగ్గా తేల్చేసింది. "ఏదో ఒకటి కొట్టెయ్యే. అందరికీ ఒకటి బై ఒకటి అనెయ్."

మూడు రోజులు తిరిగి చెంగమ్మ అలాగే నింపింది. నాలుగో రోజు జవాబొచ్చింది. నలభై ఒక్క కుటుంబాలనూ మిషను ఒకే ఇల్లుగా కలిపేసి, ఒక ఇంట్లో నూట అరవై మంది ఉండరంటూ మొత్తం తిప్పికొట్టింది.

"మంచిదే మే! అందరం ఒక్క పొయ్యి కాడ తిందాం, నువ్వే వడ్డించు" అన్నాడు నాగయ్య. కాలనీ అంతా విరగబడి నవ్వింది. చెంగమ్మకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సిగ్నలు అందే కట్ట మీదికి వెళ్లి, ట్యాబులో ఉన్న సాయం నంబరుకు ఫోను చేసింది. విజయవాడ నుంచి సౌజన్య అనే ఇంజనీరు పలికింది.

"డోర్ నంబరు తప్పనిసరి అండీ."

"తలుపే లేని ఇంటికి తలుపు నంబరు యాడ్నించి తెచ్చేదమ్మా?"

అవతల సౌజన్య కీబోర్డు టకటకలాడించింది.

"ఒక్క ఇంటికీ తలుపు లేదా?"

"గోనెపట్టా ఉండాది. దాని మీద నంబరు వేస్తే ఒప్పుకుంటారా? ఒకసారి వచ్చి చూసిపో. పీతల పులుసు పెడతా."

సౌజన్య నిజంగానే వచ్చింది. చెప్పులు చేత పట్టుకుని, బురదలో చెంగమ్మ వెనకే గుడిసె గుడిసెకూ తిరిగింది. "మేం ఇది తయారుచేసేటప్పుడు మీలో ఒక్కరినీ అడగలేదక్కా" అంది, పులుసు కలుపుకుంటూ.

రెండు వారాలకు ట్యాబులో కొత్త గడి వచ్చింది. నంబరు లేకపోతే గుడిసె ఫొటో, అది ఉన్న చోటు గుర్తు చాలు. చెంగమ్మ మళ్లీ మొదటి గుడిసె నుంచి మొదలుపెట్టింది.

వానలు మొదలయ్యేలోపు నలభై ఒక్క కార్డులూ వచ్చాయి. నాగయ్యకు పింఛను కూడా వచ్చింది. కార్డు మీద తన ఫొటో చూసుకుని, "వయసులో ఇంకా బాగుండేవాణ్ణి లే" అన్నాడు. ఆ తర్వాత చేపల సంతలో కనిపించిన ప్రతివాడికీ కార్డు చూపించి, "మా చెంగమ్మ చెప్తే ఇజీవాడోళ్లు మిషన్నే మార్చినారబ్బా!" అని చెప్పుకున్నాడు.

మరుసటి ఏడాది నెల్లూరులో కొత్తగా ట్యాబులు తీసుకున్న అరవై మందికి నేర్పించడానికి ఆమెనే పిలిచారు. మైకు ముందు నిలబడింది. నీళ్లు తాగి, తల ఎత్తింది.

"ఎవరింటికైనా పోంగానే ట్యాబు తియ్యబాకండి. ముందు కూర్చోండి. వాళ్లు చెప్పేది వినండి. మిషనుకు తెలియనిది వాళ్లకు తెలుసు."

ముందు వరసలో ఉన్న అధికారి ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నాడు.