తొలి ఆట లైన్‌లో నాలుగు పాయింట్లు

పందేల సంస్థలో పనిచేసేవాణ్ణి జూదగాడిగానో జ్యోతిష్కుడిగానో భావించే అలవాటు మనవారిలో ఉంది. రెండూ పొరపాటే. ఆ పొరపాటును దిద్దడానికీ, నా వద్ద పనిచేసిన ఒక ఉద్యోగిని గురించిన నిజం నాతోపాటే మరుగున పడకుండా ఉండడానికీ ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

అది 2021 ఆగస్టు. జర్మనీలోని బ్రెమెన్ నగరం. గణాంకశాస్త్రం చదివి ఈ దేశానికి వచ్చిన నేను, అప్పటికి చాలా ఏళ్లుగా ఒక పందేల సంస్థలో అమెరికన్ కాలేజి ఫుట్‌బాల్ విభాగాన్ని చూస్తున్నాను. మా పని ‘లైన్’ కట్టడం. అంటే బలమైన జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుందో ముందుగా అంచనా వేసి ప్రకటించడం. దానికి అటో ఇటో జనం పందెం కాస్తారు. సీజన్‌లో తొలి ఆటకు లైన్ కట్టడం అన్నిటికంటే కష్టం. జట్టు ఈ ఏడాది ఎలా ఆడుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ సంవత్సరం ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. సొంత మైదానంలో ఆడే జట్టుకు మేము కొన్ని పాయింట్లు అదనంగా కలుపుతాము. దీనిని ‘హోమ్ ఫీల్డ్’ అంటారు. కరోనా వల్ల గడచిన సీజన్‌లో చాలా ఆటలు ఖాళీ గ్యాలరీల ముందు జరిగాయి. ఇప్పుడు జనం తిరిగి వస్తున్నారు. ఆ జనానికి ఎన్ని పాయింట్లు ఇవ్వాలన్నది పాత లెక్కలు చెప్పవు.

శ్రావణి అనే వరంగల్ అమ్మాయి ఆ ఏడాదే మాలో చేరింది. ప్రోబెట్సైట్‌లో, అనగా పరీక్షాకాలంలో, ఉంది. సెప్టెంబరులో నేను ఇచ్చే అభిప్రాయాన్నిబట్టి ఆమెను ఉంచడమో పంపడమో జరుగుతుంది. ఉద్యోగం పోతే ఆమె నివాస అనుమతి చిక్కులో పడుతుంది. దాని ఆధారంగా వేసిన భర్త నవీన్ వీసా దరఖాస్తూ పోతుంది. కొత్తగా పెళ్లయిన ఆ కుర్రవాడు వరంగల్‌లో కూర్చుని కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం, ఇక్కడి మాటలో ‘టెర్మిన్’ కోసం, ఎదురుచూస్తున్నాడు. అందరం ఇళ్లనుంచే పనిచేసే రోజులు. ప్రతి ఉదయం కెమెరా ముందు “టెర్మిన్ దొరికిందామ్మా?” అని అడిగేవాణ్ణి. “దొరకలే సార్” అనేది.

ఒక తొలి ఆటకు ఆమె కట్టిన లైన్ నా ముందుకు వచ్చింది. సొంత మైదానం జట్టు పది పాయింట్ల తేడాతో గెలుస్తుందట. నా లెక్కలో ఆరు మించలేదు.

“వివరం చెప్పమ్మా.”

“పాత ఆటగాళ్లు చానామంది ఉన్నరు సార్. కరోనా వల్ల ఇంకో ఏడాది ఆడనిచ్చిన్రు కదా. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ కూడా పాతోడే.”

“అది ఆరు. మిగిలిన నాలుగు?”

“జనం సార్! అంత పెద్ద స్టేడియం మళ్ల నిండుతది. ఆ లొల్లి ఎట్లుంటదో మీరు ఊహించలేరు.”

“ఊహలకు మన సంస్థ జీతమివ్వదు.”

“మీకు జనమంటేనే పడదా సార్?” అని నవ్వింది.

నేను నవ్వలేదు. మా విభాగంలో ఒక పద్ధతి ఉంది. అనుమానం వచ్చిన లైన్‌లో జట్ల పేర్లు చెరిపి, ‘అ’, ‘ఆ’ అని మాత్రమే రాసుకుని మళ్లీ కట్టాలి. అలా చేయమన్నాను. మధ్యాహ్నానికి తెరమీదకు వచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

“ఆరే వచ్చింది సార్.”

“మరి ఆ నాలుగూ?”

“అవి జట్టువి కావు సార్. నావే. మేమిద్దరం మాస్టర్స్ చేసింది ఆ కాలేజిలనే. ప్రతి శనివారం బ్యాండ్ వెనుక వరుసల నిలబడేటోళ్లం. నవీన్ ఏమన్నా చెప్పాల్నంటే నా చెవిల అరవాల్సిందే. ఇక్కడ నా రూమ్‌ల ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏం లేదు. లైన్ కడ్తుంటే ఆ స్టేడియమే కనబడ్డది.”

చదివిన కాలేజి ఆటకు లైన్ కట్టరాదన్నది నియమం. ఆ ఆటను ఆమెనుంచి తీసివేసి, ఆరుతో నేనే ప్రకటించాను. కారణాన్ని నివేదికలో దాచలేదు. మా పై అధికారిణి నన్ను నిలదీసింది.

“అంకెలో తన కోరికను కలిపే మనిషిని ఎలా ఉంచుకోమంటారు?”

“కోరికలు లేనివారెవరూ మన దగ్గర దరఖాస్తు పెట్టలేదు. తన కోరిక ఎన్ని పాయింట్లో విడదీసి చెప్పగలిగినది మాత్రం ఈమె ఒక్కతే” అన్నాను.

అధికారిణి నా అభిప్రాయం కింద సంతకం చేసింది. శ్రావణి ఉద్యోగం నిలిచింది.

ఆట మా బ్రెమెన్ గడియారం ప్రకారం సాయంకాలానికి పడింది. తెరమీద ఒక గడిలో నేను, ఒక గడిలో శ్రావణి, వరంగల్‌నుంచి మూడో గడిలో నవీన్. ఆట ప్రసారంలో కెమెరా గ్యాలరీలవైపు తిరిగింది. వేలమంది ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని ఊగుతున్నారు. అంత దగ్గరగా మనుషులు నిలబడి ఉండగా చూసి ఎంతకాలమైందో! బంతి ఎక్కడుందో కాసేపు నాకు పట్టలేదు.

“మన వరుస గదే, చూడు చూడు!” అంది శ్రావణి.

“మన జాగల ఎవరో నిలబడ్డరే” అన్నాడు నవీన్.

“నిలబడనియ్ తీ.”



సొంత మైదానం జట్టు పద్నాలుగు పాయింట్ల తేడాతో గెలిచింది. “నా పదే నయముండె సార్!” అని శ్రావణి దెప్పింది. ఒక్క ఫలితం కలిసినంతమాత్రాన లెక్క ఒప్పు కాదని చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆ ఏడాదినుంచి నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. అంతకుముందు కోరికను బయటికి నెట్టిరమ్మని నా కింది ఉద్యోగులను ఆజ్ఞాపించేవాణ్ణి. అది ఎవరివల్లా కాదని ఆమె వద్ద తెలుసుకున్నాను. ఇప్పుడు ప్రతి లైన్ ముందూ “ఇందులో నీ వంతు ఎంత?” అని అడుగుతాను. చెప్పగలిగినవారినే నమ్ముతాను.

నవీన్‌కు టెర్మిన్ ఆ శీతకాలంలో దొరికింది. వీసా వచ్చి అతను దిగిన రోజున విమానాశ్రయంలో మాస్కులతో ఇద్దరూ ఏమి మాట్లాడుకున్నారని అడిగితే, “ఏం మాట్లాడలే సార్, నిలబడ్డం” అంది శ్రావణి.

ఆట నియమాలను తెలుగులో వివరించడం నాకు కొత్త. మాటలోగానీ లెక్కలోగానీ తప్పులు దొర్లి ఉంటే, తెలిసిన పాఠకులు మొహమాటపడక సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను.