నాలుగో నంబరు బనీను

మొన్న అమలాపురంలో ఎముకల డాక్టరు నా కుడి మోకాలి ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూసి, "కొబ్బరిచెట్టు మీంచి పడ్డారా బాబాయిగారూ?" అని అడిగాడు. కాదండీ, చెడుగుడు అన్నాను. ఆ కుర్రడాక్టరు నవ్వి, ఇప్పుడైతే టీవీలో ఆడి లక్షలు గడించేవారు కదా అన్నాడు. లక్షల మాట నాకెందుకు, నేను ఆశపడింది ఒక్క ఉద్యోగానికి. అది ఎలా పోయిందో నా ఈడువాళ్ళకి చెప్పుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నలభై దాటాక నేర్చుకున్న రాత, వంకరటింకరగా ఉంటే సర్దుకోండి.

డెబ్బైల్లో మన వైపు తీర్థాలకీ ఈస్టరుకీ చెడుగుడు పందేలు ఎలా జరిగేవో మీకు తెలుసు. ఆడేది ఊరి పేరుతోనే గానీ జట్టు ఊరిది కాదు, కామందుగారిది. ఎడ్లని మేపినట్టే ఆయన మమ్మల్ని మేపేవారు. పందేలకి నెల ముందునుంచీ నేను కొబ్బరి దింపుకి చెట్టెక్కనక్కర్లేదు, పొద్దున్నే వాళ్ళ పశువుల సావిట్లో కూర్చుంటే పచ్చిగుడ్లూ పాలూ వచ్చేవి, ఆదివారమైతే వేటమాంసం. ఇంటి దగ్గర పిల్లలు గంజి తాగుతుంటే నేనక్కడ గుడ్లు మింగేవాణ్ణి, తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గే. కానీ కూత పెట్టి గీత దాటానంటే ఒకరినో ఇద్దరినో తాకకుండా వెనక్కి వచ్చిన రోజు తక్కువ. మైకులో మా పేర్లు చెప్పేవారు కాదు, ఊరి పేరూ బనీను నంబరూ చెప్పేవారు. నాది నాలుగు. కొత్తపేట నుంచి రాజోలు దాకా నాలుగో నంబరు అంటే జనం లేచి నిలబడేవారు.

జిల్లా పందేల్లో వరసగా రెండేళ్ళు గెలిచాక, మంచి ఆటగాళ్ళకి సర్కారు ఉద్యోగాలిస్తున్నారని విని కామందుగారిని అడిగాను. "కాగితాల గొడవ నీకెందుకురా, నువ్వు ఆడు. ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. స్టేజీ మీద నా చేతికిచ్చిన సర్టిఫికెట్లు ఆయనే పట్టుకెళ్ళి, నకళ్ళ మీద ఆఫీసర్ల చేత సంతకాలు పెట్టించి, నెల తర్వాత అసలువి అద్దాలు కట్టించి మరీ నాకు తిరిగిచ్చారు. మా తాటాకింట్లో ఏసుప్రభువు పటం పక్కన మేకులు కొట్టి తగిలించాను.

ఎనభైల మొదట్లో ఒక ఈస్టరు పందెంలో నలుగురు ఒకేసారి మీద పడ్డారు, మోకాలు టప్పుమంది. కట్టు కట్టించింది కామందుగారే, ఆ మాట కాదనను. ఆరు నెలలకి ఆయన మేనల్లుడికి, మా జట్టులో ఎప్పుడూ గట్టు మీద కూర్చుని తువ్వాళ్ళు అందించే మనిషికి, ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం వచ్చింది. మరి నాకేదండీ అని అడిగితే, కుంటికాలికి ఎవరిస్తార్రా అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. ఇక చెట్టెక్కలేక, రేవు దగ్గర కూర్చుని కాయలు వలిచే పనిలో పడ్డాను. "మోకాలుచ్చుకుని పటాలిచ్చేరు మీ కామందుగారు, ఎసట్లో పడేసి ఉడకెయ్యనా?" అని మా ఆవిడ దెప్పేది.

కొన్నేళ్ళకి మా చర్చి వరండాలో మధ్యాహ్నాలు పాస్టరమ్మగారు పెద్దవాళ్ళకి చదువు చెప్పడం మొదలెట్టారు. ఒత్తులు పట్టుబడ్డాక నేను కనబడిందల్లా కూడబలుక్కుని చదివేవాణ్ణి, అగ్గిపెట్టె, ఎరువు సంచీ, గోడ మీద సున్నపు రాతలూ. అలాగే ఒకరోజు ఆ పటాలు దింపి ఒళ్ళో పెట్టుకున్నాను. ఊరి పేరుంది, నాలుగో నంబరుంది, ఉత్తమ ఆటగాడని తెలుగులోనే శుభ్రంగా రాసుంది. పేరు మాత్రం నాది కాదు, మేనల్లుడిది. రెండోది చూశాను, మూడోది చూశాను. అన్నిటా అదే. ఆటకి ముందు ఇచ్చే జాబితాలో నాలుగో నంబరుకి ఎదురుగా మొదటినుంచీ కామందుగారు మేనల్లుడి పేరే రాయించారన్నమాట. అన్నేళ్ళూ ఆ పేరుని దేవుడి పక్కన తగిలించుకుని, వచ్చినవాళ్ళకల్లా చూపించుకున్నాను, వాళ్ళూ నాలాగే వేలిముద్రలవాళ్ళు.

పటాలు గోనెసంచిలో వేసుకుని వెళ్ళాను. కామందుగారు అప్పటికి ముసలివారై పడకకుర్చీలో ఉన్నారు. కోప్పడలేదు, నవ్వారు. "చదువొచ్చేసిందేంట్రా నీకు! ఒరే, అప్పట్లో అక్షరమ్ముక్క రానోడికి ఆ ఉద్యోగం ఎవడిచ్చేవాడు? ఊరికే పోయేదాన్ని మావాడు వాడుకున్నాడు. నీకొచ్చిన నష్టమేంటి?" దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, నా నోట వచ్చింది ఒకటే: "ఆయ్, అంతేనండి." ఆయన మీద కన్నా ఆ మాట మీదే నాకు ఇప్పటికీ కోపం.

ఆ పందేలాడిన పొలాలు ఇప్పుడు రొయ్యల చెరువులు. కామందుగారు పోయారు. మేనల్లుడు పెద్ద హోదాలో దిగిపోయి పింఛను తీసుకుంటున్నారు. పోయినేడు హైస్కూలు ఆటలకి ఆయన్ని పిలిచి, ఒకప్పటి మేటి చెడుగుడు ఆటగాడని మైకులో చెప్పి దండ వేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు, వాళ్ళకేం తెలుసు. ముందు వరసలో నా ఈడువాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు, నా ఆట కళ్ళారా చూసినవాళ్ళు, మోకాలు విరిగిననాడు నన్ను మంచం మీద మోసినవాళ్ళు. వాళ్ళూ కొట్టారు, నా వైపు చూడకుండా. ఆ రోజుల్లో కామందంటే భయం, నోరు లేవకపోవడం నాకూ తెలుసు. ఇప్పుడు భయపెట్టేవాడెవడున్నాడు? మీలో ఎవరైనా ఆ వరసలో ఉంటే మిమ్మల్నే అడుగుతున్నాను. ఇంకో పదేళ్ళకి చూసినవాళ్ళం ఎవరం మిగలం. ఆ కాగితాలు మిగులుతాయి.