మొన్నులవ్వ వెల్లుల్లి ముద్దు

ఆదివారం ప్రార్థన ముగిసి ఒకరి బుగ్గన ఒకరు పవిత్ర ముద్దు ఇచ్చుకునే వేళకు మొన్నులవ్వ నోట్లో పచ్చి వెల్లుల్లి పడాల్సిందే. ఒక రెబ్బ కాదు, పాయకు పాయ కరకరా నమిలేసి, చేతులు చాచుకుని ఆడవాళ్ల వరస మీద పడేది. ఆ ముద్దు తగిలిన బుగ్గ బుధవారం దాకా ఘాటు వదిలేది కాదు.

చర్చిలు లేని ఆ రోజుల్లో సంఘం కూడేది సతుర్నీన ఇంట్లో కాబట్టి మొరలన్నీ ఆమెకే.

"అక్కా, మా ఆయన నన్ను గడప తొక్కనివ్వట్లేదు!"

"నువ్వు నయం. నేను కళ్లు మూసుకుని, శత్రువుల్ని ప్రేమించే శక్తినివ్వు తండ్రీ అనుకుంటున్నా," అంది ఇంకొకామె.

సతుర్నీన బెంగ వేరు. అవ్వ పక్కనే నిలబడేది రొగాత. రేవులో నత్తలు కుళ్లబెట్టి బట్టలకు వేసే ఊదా రంగు తీసే పిల్ల. ఈస్టరుకే బాప్తిస్మమైంది; అది అయినవాళ్లకే ఈ ముద్దు. "అమ్మా, నాకు కూడా అందరూ ముద్దు పెడతారా?" అని సతుర్నీనను ఏళ్ల తరబడి అడిగి అడిగి వచ్చింది. ఈ ఘాటుకు బెదిరి రావడం మానేస్తే?

"అవ్వా, ఇది శాంతి ముద్దా, యుద్ధమా? వెల్లుల్లి మానితేనే వరసలోకి రా."

"మానలేను తల్లీ. వైద్యుడు తినమన్నాడు."

"ఏ వైద్యుడు?"

"పోయాడులే పాపం."

లాభం లేదని సతుర్నీన అవ్వ కోడలి దగ్గరికి పరుగెత్తింది. "ఇంట్లో వెల్లుల్లి దాచెయ్యవే, నీకు దణ్ణం పెడతా."

కోడలు తెల్లబోయింది. "మా అత్తకు వెల్లుల్లి పడనే పడదు! కూరలో ఒక్క రెబ్బ పడితే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఈస్టరు నుంచే ఈ పిచ్చి, అదీ ఆదివారాలే. తిన్న రోజల్లా కడుపులో మంటని గోల."

సతుర్నీనకు ఏమీ అర్థం కాలేదు. మరుసటి ఆదివారం కావాలనే రొగాతకు అటుపక్క నిలబడింది. వెల్లుల్లి కిందనుంచి ఇంకో కంపు గుప్పుమంది. కుళ్లిన నత్తల కంపు. ఎంత తోమినా ఆ పనివాళ్ల ఒంటిని వదలదు. ఊళ్లో జనం వాళ్లను చూసి ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటారు.

ఇక్కడ మాత్రం ఎవరూ తప్పుకోవడం లేదు. "అబ్బ, అవ్వా! ఈ వారం మరీ ఘోరం!" అని, కంపంతా అవ్వదేననుకుని ఆమెను తిట్టుకుంటూనే రొగాత బుగ్గను ముద్దాడుతున్నారు.

"నిజం పిన్నీ, అవ్వ మనల్ని చంపేస్తోంది!" అని రొగాత కూడా పగలబడి నవ్వుతోంది.

సతుర్నీనకు అవ్వను అక్కడికక్కడే వాటేసుకోవాలనిపించింది. మెల్లగా చెయ్యి చాపింది. "అవ్వా, ఇంకో రెబ్బ ఉందా?"

"నీకు పడదే తల్లీ."

"నీకు మాత్రం పడుతుందా?"

అవ్వ దొంగచూపు చూసి, చాటుగా రెబ్బ చేతిలో పెట్టింది. సతుర్నీన కసుక్కున కొరికింది. కళ్లూ ముక్కూ ఏకమై కారుతుండగా రొగాతను రెండు బుగ్గల మీదా ముద్దాడింది.

ఎదుటి వరసలో ఎవరో గొల్లుమన్నారు. "ఓరి దేవుడో, ఈ జబ్బు అంటుకుంటుంది కూడానా!"