దొండపూల పేరమ్మ

పూసిన పువ్వు పెళ్ళి కాకుండా వాడిపోతే ఫ్రావ్ డాక్టర్ ఇర్మ్‌గార్ట్ భరించలేదు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఒక గాజింటి తోటలో పాదుజాతి మొక్కల మధ్య వయసంతా గడిపి రిటైరైన వృక్షశాస్త్రవేత్త ఆవిడ. వడ్రంగి చెవిమీద పెన్సిల్ ఉన్నట్టు ఆవిడ చెవిమీద ఉడుత వెంట్రుకల కుంచె ఒకటి ఎప్పుడూ ఉండేది. దానితో మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకు అద్దడమే ఆవిడకు పని, ప్రార్థన, కాలక్షేపం. బేకరీ ముందు వరసలో నిలబడ్డా కిటికీ కుండీలోని పూలను వదిలేది కాదు. మేనకోడలి పెళ్ళికి వెళ్ళి, పాస్టరు ప్రసంగం ముగిసేలోగా పెళ్ళికూతురి చేతిలోని పూలగుత్తికి కూడా పెళ్ళి చేసేసిందట.

పై అంతస్తులో ఉండే దయావతి, సాముయేలు దంపతులు ఆవిడకు చాటుగా పెట్టుకున్న పేరు పెళ్ళిళ్ళ పేరమ్మ.

కరోనా వచ్చిన ఏడాది మార్చిలో సాముయేలు చెల్లెలి పెళ్ళికని పాలకొల్లు వెళ్ళాడు. విమానాలు ఆగిపోయాయి, అక్కడే చిక్కుకున్నాడు. దయావతి పనిచేసే ల్యాబ్ కూడా మూసేశారు. మొదట అన్నం వండటం మానేసి బ్రెడ్డుతో సరిపెట్టుకుంది, తరవాత అదీ మరిచిపోసాగింది. కిటికీ తెర తీయక ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియదు. ఫోనులో సాముయేలు అడిగితే మాత్రం, "తిన్నానండీ, బాగానే ఉన్నాను" అనేది.

ఒక ఉదయం తలుపు చప్పుడైంది. మాస్కు వేసుకుని, దూరంగా మెట్టుమీద నిలబడి ఉంది పేరమ్మ.

"మీరు ఒక ఆడపిల్లను పెంచుతారా?"

దయావతి తలుపు ఇంకాస్త తెరిచింది. పేరమ్మ చేతికర్రతో ఒక కుండీని గుమ్మం దాకా నెట్టింది. అందులో రెండాకుల తీగ.

"దొండ!" అంది దయావతి. ఎదుటి మనిషితో మాట్లాడి చాలా రోజులైంది, ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఇది ఆడతీగ. మగతీగ కింద హెర్ బ్రూనో ఇంట్లో ఉంది. రెండిళ్ళవాళ్ళు కలవకూడదని రూలు కదా, మధ్యవర్తిని నేను. రేపు ఉదయం ఏడింటికి మీ అమ్మాయికి టెర్మిన్."

ఊళ్ళో ఏ ఆఫీసులోనూ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకని రోజులవి. దొండతీగకు మాత్రం రోజూ ఏడింటికి టెర్మిన్.

"మొగ్గయినా తొడగలేదంటున్నావు. అప్పుడే రోజూ పెళ్ళిచూపులేంటి దయా?" అని ఫోనులో నవ్వాడు సాముయేలు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ పేరమ్మ యవ్వారం!"

టెర్మిన్ అంటే మాటలు కాదు. వధువును గుమ్మం దగ్గరికి తేవాలి, తెర తీసి వెలుగు చూపించాలి. ఆపైన ఆరాలు.

"రాత్రి ఏం తిన్నారు?"

"నేనా? తీగకు నీళ్ళు పోశాను కదండీ."

"మిమ్మల్నే. పస్తులున్న ఇంట్లో పుప్పొడి పట్టదు. నిద్ర పట్టిందా? జ్వరం చూసుకున్నారా?"

ఇదేం శాస్త్రమో దయావతికి అర్థం కాలేదు. అయినా డాక్టరమ్మ చెప్పిందని పప్పుచారు కాచింది. తీగ పాకేందుకు గుమ్మం పక్కనే ఉన్న కిటికీ కర్టెన్ కడ్డీకి పురికొస కట్టింది.

ఎండాకాలంలో తీగ పూసింది. తెల్లవారుజామున నెక్కర్ నది మీది పొగమంచు వీధుల్లోకి వచ్చి నిలబడేది. కార్లు లేవు, మనుషుల్లేరు, ఊరంతా గాజుబుడ్డిలో పెట్టినట్టు ఉండేది. ఆ వెలుగులో దొండపూలు తెల్లగా, చప్పుడు లేకుండా విచ్చుకునేవి. పేరమ్మ కుంచెను చేతికర్ర చివర కట్టి మెట్టుమీద నుంచే చాచేది. అంత పొడుగు కర్ర చివర కుంచె రవ్వంతైనా వణికేది కాదు. ఒక్కసారి తాకించి తీసేది, అంతే. తరవాత దయావతి చేత పువ్వుకు చిన్న కాగితపు సంచీ తొడిగించేది.

"పువ్వుకి కూడా మాస్కా!" అనేవాడు ఫోనులోనే ఈ పెళ్ళిళ్ళకు సాక్షిగా ఉండే సాముయేలు.

"వరుడి తరఫువాళ్ళు ఎలా ఉన్నారండీ?" అని దయావతి అడిగేది.

"హెర్ బ్రూనో రోజూ పువ్వును పళ్ళెంలో పెట్టి గుమ్మం ముందు ఉంచుతున్నాడు. ఇవాళ టై కట్టుకున్నాడు."

బ్రూనో భార్య పోయింది ఆ వసంతంలోనే.

ఆగస్టులో సాముయేలు వచ్చాడు. కర్టెన్ కడ్డీ పొడుగునా వేలాడుతున్న దొండకాయలను చూసి మురిసిపోయాడు. మర్నాడు ఏడింటికి జరిగిన తంతు కళ్ళారా చూశాక మాత్రం తలుపు వేసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దయా, మా నాన్న పందిరి మీద మగతీగ ఒక్కటీ లేదే! ముక్క గుచ్చితే చాలు, కాసి పడేసేది. ఈ రకం దొండకు పెళ్ళేంటి?"

దయావతి గబగబా మెట్లు దిగి పేరమ్మ తలుపు తట్టింది.

"ఫ్రావ్ డాక్టర్, ఈ తీగకు మగపువ్వు అక్కర్లేదటగా?"

"అక్కర్లేదు." ఆవిడ తొణకలేదు. "నా థీసిస్ అదే."

"మరి రోజూ ఎందుకండీ?"

పేరమ్మ కుంచెను చెవిమీద సర్దుకుంది. "హెర్ బ్రూనో గడ్డం గీసుకుంటున్నాడు, గమనించారా?" అని తలుపు వేసుకుంది.

నవంబరులో మళ్ళీ ఆంక్షలు వచ్చాయి. చలికి తీగ ఆకు రాల్చింది. పువ్వు లేదు, టెర్మిన్ లేదు. పేరమ్మ మెట్లెక్కడం మానేసింది. ఆవిడ కిటికీకి తెర వేసే ఉంటోంది. ఆ కిటికీలో ఉండేది ఒక్క బ్రహ్మజెముడు. ఎన్నేళ్ళయినా పూయలేదని ఆవిడే దానికి బ్రహ్మచారి అని పేరు పెట్టింది.

దయావతి రెండు రోజులు ఆగింది. మూడో రోజు ఏడింటికి డబ్బాలో దొండకాయ వేపుడు పెట్టుకుంది. ఆఖరి కోత కాయలవి, ఫ్రీజర్లో దాచినవి. కుంచె కోసం వెతికి, చివరికి సాముయేలు గడ్డం బ్రష్షు తీసి చెవిమీద పెట్టుకుంది.

"అది నాది!" అని అరిచాడు సాముయేలు.

"పెళ్ళిపని మీద వెళ్తున్నానండీ, అడ్డం రాకండి."

కింద తలుపు సందు చేసుకుని చూసింది పేరమ్మ. జుట్టు దువ్వుకోలేదు. చెవిమీద కుంచె లేదు.

"ఏమిటిది?"

"మీ బ్రహ్మచారికి టెర్మిన్ ఉందండీ."

"అది పూయలేదు కదా."

"తెలుసు," అంది దయావతి, డబ్బాను మెట్టుమీద పెట్టి దూరంగా జరుగుతూ. "రాత్రి ఏం తిన్నారు?"